గ్యాస్ పంపు దగ్గర కార్డు ఆగిపోయిందా? మళ్లీ పెట్టే ముందు ఆపింది ఎవరో చూడండి

అమెరికాలో గ్యాస్ (అంటే మన పెట్రోల్) నింపుకోవడానికి వెళ్లినప్పుడు పంపు కార్డు తీసుకోకపోతే చాలామంది వెంటనే అదే కార్డు ఇంకోసారి పెడతారు. అప్పటికీ కాకపోతే మూడోసారి, ఆ తర్వాత బండిని పక్క పంపుకు తిప్పి నాలుగోసారి. చిన్న సమస్య కాస్తా ఈ కంగారులోనే పెద్దదవుతుంది. అక్కడ మనల్ని ఆపగలిగేవి మూడు: స్టేషన్ వాళ్లు పంపుకు పెట్టిన పరిమితి, మన కార్డులో మిగిలిన లిమిట్, మోసాలను పసిగట్టే బ్యాంకు ఫ్రాడ్ సిస్టం. మూడూ బయటికి ఒకేలా కనబడతాయి కానీ, దేని దారి దానిదే.

ముందు ఒక్క విషయం అర్థమైతే సగం టెన్షన్ తగ్గుతుంది. షాపులో అయితే బిల్లు ఎంతో తేలాకే కార్డు గీస్తాం. పంపు దగ్గర కార్డు ముందు, గ్యాస్ తర్వాత. మీరు 20 డాలర్లకు పోసుకుంటారో 90 డాలర్లకు పోసుకుంటారో మెషిన్‌కు తెలియదు. అందుకే నాజిల్ తీయకముందే అది బ్యాంకుకు ఓ మొత్తం పంపి, ఈ కార్డు మీద ఇంతవరకు ఇస్తారా అని అడుగుతుంది. దీన్నే ప్రీ ఆథరైజేషన్ అంటారు, వాడుకలో హోల్డ్. కొన్ని స్టేషన్లు 1 డాలర్‌కే అడుగుతాయి, కొన్ని 100కో 125కో అడుగుతాయి. వీసా, మాస్టర్‌కార్డ్‌ల గరిష్ఠ పరిమితి ఇంతకుముందు 125 డాలర్లు. 2022లో గ్యాస్ ధరలు మండిపోయినప్పుడు దాన్ని 175 చేశారు. కాబట్టి మీరు 30 డాలర్ల గ్యాస్ కోసం వెళ్లినా బ్యాంకు ముందుకు వెళ్లే అంకె 175 కావచ్చు. కింద చెప్పే సమస్యల్లో సగానికి పైగా ఇక్కడే మొదలవుతాయి.

పంపు మధ్యలో ఆగిపోయింది, ట్యాంకు ఇంకా నిండలేదు

డిస్‌ప్లే చూడండి. సరిగ్గా 75, 100, 125, 175 లాంటి అంకె దగ్గర ఆగితే అది స్టేషన్ పెట్టిన పరిమితి. మీ కార్డుకు ఏమీ కాలేదు, బ్యాంకుకు ఫోన్ చేయాల్సిన పని లేదు. 43 డాలర్ల 17 సెంట్ల లాంటి అంకె దగ్గర ఆగితే మాత్రం చాలావరకు డబ్బుకు సంబంధం ఉండదు. ట్యాంకు నిండి ఉంటుంది, లేదా నాజిల్ సరిగ్గా దూరక దానంతటదే ఆగి ఉంటుంది. కొంచెం బయటికి లాగి, నెమ్మదిగా నొక్కి చూడండి.

మామూలు కార్లకు ఈ పరిమితి అడ్డు రావడం తక్కువే. ఇల్లు మారేటప్పుడు అద్దెకు తీసుకునే 26 అడుగుల ట్రక్కు, పెద్ద పికప్, ఆర్‌వీ (లోపలే ఉండి ప్రయాణించే ఇల్లులాంటి బండి) లాంటి వాటికి తగులుతుంది. అంత ట్రక్కుకు ట్యాంకు 50, 60 గ్యాలన్ల దాకా ఉంటుంది. ధర కాస్త ఎక్కువున్న రాష్ట్రంలో ఒక్క హోల్డులో నిండదు. నాజిల్ తిరిగి పెట్టేసి, రసీదు తీసుకుని, రెండో ట్రాన్సాక్షన్ మొదలుపెట్టండి. రెండోసారికి వేరే కార్డు వాడితే మంచిది. ఒకే పంపులో, ఒకే కార్డు మీద, నిమిషాల తేడాతో రెండు లావాదేవీలు కనబడితే కొన్ని బ్యాంకులకు అనుమానం వస్తుంది. వేరే కార్డు లేకపోతే లోపల కౌంటర్లో కట్టేయండి.

జిప్ కోడ్ అడిగి, కొట్టాక కుదరదంటోంది

పంపు అడిగే జిప్ (అమెరికాలో పిన్ కోడ్ లాంటిది) మీరు నిలబడ్డ ఊరిది కాదు. కార్డు స్టేట్‌మెంట్ ఏ అడ్రస్‌కు వస్తుందో ఆ అడ్రస్‌ది. ప్రాజెక్టు మారి కొత్త ఊరికి వెళ్లినవాళ్లకు, చదువైపోయి ఉద్యోగంలో చేరినవాళ్లకు ఇది తరచుగా ఎదురయ్యే చిక్కు. అపార్ట్‌మెంట్ మారింది, డ్రైవింగ్ లైసెన్సు మారింది, బ్యాంకులో అడ్రస్ మాత్రం పాతదే ఉండిపోయింది. పాత జిప్ ఒకసారి కొట్టి చూడండి. పనిచేస్తే ఆ రోజే బ్యాంకు యాప్‌లో అడ్రస్ మార్చేయండి. పనిచేయకపోతే ఊహించి ఇంకో రెండు కొట్టొద్దు. దొంగ కార్డు చేతిలో ఉన్నవాడికీ జిప్ తెలియదు, వాడు చేసేదీ అదే.

ఇండియా కార్డుతో వచ్చినవాళ్ల సంగతి వేరు. మన పిన్ కోడ్ ఆరంకెలు, పంపుకు కావాల్సింది ఐదు. ఐదు సున్నాలు కొట్టండి, ఐదు తొమ్మిదులు కొట్టండి అని చెప్పేవాళ్లుంటారు, ఒకచోట పనిచేసింది ఇంకోచోట పనిచేయదు. నా సలహా అయితే ఆ ప్రయోగాలే వద్దు, నేరుగా లోపలికి వెళ్లండి. కౌంటర్ మెషిన్‌లో చిప్ పెట్టి, పిన్ అడిగితే పిన్ కొడితే సరిపోతుంది. అయితే ఇండియాలో బయల్దేరే ముందే బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ లావాదేవీల స్విచ్ ఆన్ చేసుకోవాలి. రిజర్వ్ బ్యాంకు 2020లో తెచ్చిన నిబంధన ప్రకారం కొత్త కార్డుల్లో అది మూసే ఉంటుంది, మనం తెరవాలి. కెనడా కార్డులవాళ్లకు ఓ తేలిక దారి ఉంది: పోస్టల్ కోడ్‌లో అక్షరాలు వదిలేసి మూడంకెలు కొట్టి, వెనక రెండు సున్నాలు చేర్చాలి. ఎం5వి 2టి6 అయితే 52600. చాలా పంపుల్లో నడుస్తుంది.

లిమిట్ ఉంది కదా, అయినా డిక్లైన్ అయింది

కొత్తగా వచ్చిన విద్యార్థులు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే. క్రెడిట్ హిస్టరీ లేదు కాబట్టి మొదటి కార్డు 300, 500 డాలర్ల లిమిట్‌తో ఇస్తారు. 300 లిమిట్‌లో 150 వాడేశారనుకుందాం. ఇంకా 150 ఉంది, 30 డాలర్ల గ్యాస్ చాలు. కానీ పంపు అడిగింది 175. బ్యాంకు కుదరదంది. తెర మీద డిక్లైన్ అని తప్ప ఇంకేం రాదు, వెనక క్యూలో హారన్ మొదలవుతుంది, ముఖం చిన్నబోతుంది. నిజానికి సిగ్గుపడాల్సిందేమీ లేదు. మీరు అడిగిన మొత్తానికి మీ కార్డు సరిపోతుంది, పంపు అడిగిన మొత్తానికే సరిపోలేదు.

దీనికి మంచి మార్గం లోపల ముందే కట్టడం. పంపు నంబరు చూసుకుని కౌంటర్ దగ్గరికి వెళ్లి "థర్టీ ఆన్ పంప్ ఫోర్, ప్లీజ్" అనండి. అంతే. కార్డు మీద 30 డాలర్లకే అడుగుతారు, 175 ఊసే రాదు. ట్యాంకు 26 డాలర్లకే నిండిపోతే మిగతా 4 డాలర్లు కార్డుకే తిరిగి వస్తాయి. కొన్ని చోట్ల దానికోసం మళ్లీ కౌంటర్ దగ్గరికి వెళ్లాలి, రసీదు పారేయకండి.

ఇక్కడే ఇంకో తిరకాసు ఉంది. "నిన్ననే కార్డు బిల్లు మొత్తం కట్టేశాను" అంటారు. కట్టిన డబ్బు బ్యాంకుకు చేరి, లిమిట్ మళ్లీ తెరుచుకోవడానికి ఒకటి నుంచి మూడు పనిదినాలు పట్టొచ్చు. శుక్రవారం రాత్రి కట్టి, శనివారం ఉదయం లాంగ్ డ్రైవ్‌కు బయల్దేరితే లిమిట్ ఇంకా పాతదే చూపిస్తుంది. యాప్‌లో చూడాల్సింది మొత్తం లిమిట్ కాదు, అవైలబుల్ క్రెడిట్ అని ఉండే అంకె. హోటల్ డిపాజిట్, అద్దె కారు డిపాజిట్ లాంటి పాత హోల్డులు కూడా అందులోంచే పోతాయి. ట్రిప్పులో మూడు నాలుగు చోట్ల గ్యాస్ నింపి, ఒక్కో హోల్డు ఇంకా విడుదల కాకుండా ఉంటే చిన్న లిమిట్ కార్డు సాయంత్రానికి ఖాళీ.

క్రెడిట్ కుదరలేదు కదా అని డెబిట్ కార్డు తీస్తున్నారా? కాస్త ఆగండి. క్రెడిట్ కార్డులో హోల్డు పడితే ఆగేది బ్యాంకు ఇచ్చే అప్పు. డెబిట్‌లో ఆగేది మీ ఖాతాలో ఉన్న మీ డబ్బు. ఆ హోల్డు ఒకటి రెండు రోజులు ఉండిపోతే, అదే సమయానికి అద్దె చెక్కు వస్తే, చెక్కు వెనక్కి పోవడమో ఓవర్‌డ్రాఫ్ట్ ఫీజు పడడమో జరుగుతుంది. ఖాతాలో డబ్బు తక్కువగా ఉన్న నెలాఖరులో పంపు దగ్గర డెబిట్ వాడకపోవడమే క్షేమం. తప్పదంటే అదీ కౌంటర్లోనే.

లిమిట్ బోలెడుంది, జిప్ సరైనదే, అయినా ఆగింది

ఇక మిగిలింది ఫ్రాడ్ సిస్టం. దొంగిలించిన కార్డు నంబరు పనిచేస్తుందో లేదో చూసుకోవడానికి దొంగలు పంపును ఎంచుకుంటారు. అక్కడ ముఖం చూసేవాళ్లు లేరు, జవాబు క్షణాల్లో వస్తుంది. పంపులో కార్డు రీడర్ మీద దొంగ పరికరం, అంటే స్కిమ్మర్, బిగించి నంబర్లు లాగేసే ముఠాలూ ఉన్నాయి. చిప్ లేని పంపుల్లో జరిగే నకిలీ కార్డు మోసాల నష్టాన్ని 2021 ఏప్రిల్ నుంచి స్టేషన్ల మీదికే నెట్టాక చాలా పంపులకు చిప్ వచ్చింది. బ్యాంకుల అనుమానం మాత్రం పోలేదు. రోజూ ఒకే ఊళ్లో గ్యాస్ కొట్టించే కార్డు ఒకే రోజు మూడు రాష్ట్రాల్లో కనబడితే, నెలల తరబడి వాడని కార్డు అర్ధరాత్రి హైవే మీద మేల్కొంటే సిస్టం ఆపేస్తుంది. మనకు విసుగే కానీ, అది మన డబ్బుకు కాపలా.

మొదట చేయాల్సింది ఫోన్ చూడడం. "ఫలానా చోట ఇంత మొత్తానికి ప్రయత్నించింది మీరేనా" అని బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చి ఉంటుంది. అవునని జవాబిచ్చి, రెండు మూడు నిమిషాలు ఆగి, అప్పుడు కార్డు పెట్టండి. జవాబు ఇవ్వకుండా పెడితే పదిసార్లు పెట్టినా డిక్లైనే. మెసేజ్ రాలేదంటే బ్యాంకు దగ్గర పాత ఫోన్ నంబరు ఉండొచ్చు. ఇంకో కారణం ఇళ్లలో తరచుగా కనబడుతుంది: భర్త ఖాతా మీద భార్య పేరుతో తీసుకున్న అదనపు కార్డు. ఆవిడ పంపు దగ్గర నిలబడి ఉంటుంది, మెసేజ్ ఆఫీసు మీటింగులో ఉన్న ఆయన ఫోన్‌కు వెళుతుంది. చాలా బ్యాంకుల్లో అదనపు కార్డు ఉన్నవాళ్ల ఫోన్ నంబరు కూడా చేర్చుకోవచ్చు. ఈ వారాంతంలో ఆ పని చేసేయండి.

ఆ మెసేజ్‌ల పేరుతో మోసాలూ ఎక్కువే. నిజమైనది అవును, కాదు అన్న జవాబుతో సరిపెడుతుంది. కార్డు నంబరు, పిన్, ఓటీపీ అడిగినా, లింకు నొక్కమన్నా అది బ్యాంకు కాదు. అనుమానం వస్తే కార్డు వెనక ఉన్న నంబరుకు మీరే ఫోన్ చేయండి. పంపు పక్కనే నిలబడి కాదు, కార్లో కూర్చుని తీరిగ్గా మాట్లాడండి. "కార్డు నా దగ్గరే ఉంది, ఈ గ్యాస్ స్టేషన్లో ప్రయత్నిస్తున్నాను, బ్లాక్ తీసేయండి" అని అడిగితే చాలు. వాళ్లు ఇటీవలి లావాదేవీలు చదివి వినిపిస్తే ఒక్కొక్కటీ జాగ్రత్తగా వినండి. మీది కానిది ఒక్కటున్నా అక్కడే చెప్పి కార్డు రద్దు చేయించండి, గ్యాస్ సంగతి ఇంకో కార్డుతో చూసుకోవచ్చు.

చిన్న చిన్నవి

లోపలికి వెళ్లి క్యాషియర్‌ను కలవమని తెర మీద వస్తే కార్డు చెడిపోయిందని కాదు. చాలాసార్లు ఆ పంపు రీడర్ పనిచేయట్లేదనే అర్థం. చిప్ చదవకపోతే ట్యాప్ చేయండి, ఫోన్ వాలెట్‌తో ట్యాప్ చేస్తే చాలా చోట్ల జిప్ కూడా అడగదు, స్కిమ్మర్ బెడదా తగ్గుతుంది. కాస్ట్‌కో (సభ్యత్వం ఉన్నవాళ్లకు అమ్మే పెద్ద దుకాణం) పంపుల్లో క్రెడిట్ కార్డు వీసా అయితేనే నడుస్తుంది, మాస్టర్‌కార్డ్ క్రెడిట్ పెట్టి లిమిట్ గురించి తల పట్టుకోకండి. పర్సు కనబడలేదని నిన్న యాప్‌లో కార్డు లాక్ చేసి, దొరికాక తెరవడం మర్చిపోయారేమో కూడా చూసుకోండి.

41 డాలర్లకు పోస్తే 175 పోయినట్టు చూపిస్తోంది

పోలేదు. పెండింగ్ అని ఉందా చూడండి. అది హోల్డు, ఖర్చు కాదు. అసలు మొత్తం బ్యాంకుకు చేరాక హోల్డు తొలగిపోతుంది, క్రెడిట్ కార్డుల్లో చాలావరకు అదే రోజు, ఒక్కోసారి రెండు మూడు రోజులు. ఈ మధ్యలో 175, 41 రెండూ పక్కపక్కనే కనబడవచ్చు. 1 డాలర్ పెండింగ్ కనబడినా ఇదే కథ, అది కూడా మాయమవుతుంది.

పెండింగ్ పోయి రెండు మొత్తాలూ ఖరారైన లావాదేవీలుగా పడితే అప్పుడు మాత్రం ఊరుకోవద్దు. రసీదు ఫోటో పెట్టి బ్యాంకులో డిస్ప్యూట్, అంటే అభ్యంతరం, వేయండి. క్రెడిట్ కార్డుకు స్టేట్‌మెంట్ పంపిన 60 రోజుల్లోపు బిల్లు తప్పును రాతపూర్వకంగా తెలియజేసే హక్కు చట్టం ఇచ్చింది, దొంగ వాడకానికి మీ బాధ్యత 50 డాలర్లు దాటదు. డెబిట్ కార్డు పోతే ఆ 50 డాలర్ల రక్షణ, పోయిందని తెలిసిన రెండు పనిదినాల్లో చెబితేనే. ఆలస్యమైతే 500 దాకా మీ నెత్తిన పడొచ్చు, స్టేట్‌మెంట్ పంపిన 60 రోజులు దాటినా చెప్పకపోతే ఆ తర్వాత పోయిన డబ్బంతా మీదే కావచ్చు.