అన్నవాహిక క్యాప్సూల్ పరీక్షకు ముందు జాగ్రత్తలు

(మాత్రలా మింగే, చిత్రాలు తీసే క్యాప్సూల్‌తో, గొంతు నుంచి కడుపుకు ఆహారం వెళ్లే గొట్టాన్ని, అంటే అన్నవాహికను, లోపలినుంచి చూసే పరీక్ష ఇది.)

• ముద్ద మింగేటప్పుడు గొంతులోనో ఛాతీలోనో అడ్డుపడుతోందా? డాక్టరుకు అన్నిటికంటే ముందు ఈ మాటే చెప్పండి. అన్నవాహిక ఇరుకైతే క్యాప్సూల్ అక్కడే ఇరుక్కుపోవచ్చు. పాత ఆపరేషన్లు, పేస్‌మేకర్ సంగతీ దాచకండి.

• చెప్పినన్ని గంటలు ఖాళీ కడుపుతో ఉండండి. లోపల ఆహారం మిగిలితే అన్నవాహిక లోపలి పొర సరిగ్గా కనిపించదు.

• రక్తం పల్చబరిచే మందులు, షుగరు మందులు సొంతంగా మానొద్దు.

• దారం కట్టిన క్యాప్సూలా, వైర్‌లెస్‌దా? కనుక్కోండి. దారం ఉన్నదాన్ని పరీక్ష అవగానే నోటిగుండా బయటికి లాగేస్తారు, సాధారణంగా మత్తు అక్కర్లేదు. వైర్‌లెస్‌ది మలంలో పోతుంది. పోయేదాకా ఎంఆర్ఐ వద్దు.

• ముఖ్యంగా, క్యాప్సూల్ చూడగలదేగానీ, పరీక్షకు పొర నుంచి ముక్క తీయడం దానివల్ల కాదు. బారెట్స్ మార్పులు (కడుపులోని ఆమ్లం పదేపదే పైకి తన్నడంవల్ల అన్నవాహిక లోపలి పొర మారిపోవడం) అనుమానంగా ఉంటే ఎండోస్కోపీ (కెమెరా గొట్టం లోపలికి పంపి చూడటం), బయాప్సీ (ముక్క తీసి పరీక్షించడం) తప్పవు. ఆ మాట ముందే మనసులో పెట్టుకుని వెళ్లండి.