గ్రేట్ ఓషన్ రోడ్ డే టూర్‌కి బయల్దేరే ముందు

ఆస్ట్రేలియాలో సముద్రం ఒడ్డు వెంట సాగే ఈ రోడ్డు చూడ్డానికి మెల్‌బోర్న్ నుంచి చిన్న వ్యాన్‌లో వెళ్తున్నారా? పొద్దున్న బయల్దేరితే తిరిగొచ్చేసరికి రాత్రవుతుంది. ఇవి చూసుకోండి.

- దారిలో లోర్న్ అనే ఊరి నుంచి అపోలో బే అనే ఊరి దాకా అన్నీ మలుపులే. కడుపులో తిప్పే అలవాటుంటే మాత్ర వ్యాన్ ఎక్కకముందే వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక కాదు. ముందు సీటు అడగండి, మొహమాటం వద్దు. టిఫిన్ తేలికగా తినండి.
- వెళ్లేటప్పుడు సముద్రం ఎడమ వైపు.
- ఎండాకాలమైనా గాలి ఆపే జాకెట్ ఉండాలి. మబ్బు పట్టినా సన్‌స్క్రీన్ రాయండి, అక్కడి ఎండ చర్మాన్ని మాడ్చేస్తుంది.
- అన్నిటికంటే ముఖ్యం: కొండ అంచుల దగ్గర కంచె దాటొద్దు. అక్కడివి సున్నపురాయి కొండలు, అడుగున అలలు తొలిచేస్తుంటాయి. పైన గడ్డి చూస్తే గట్టి నేలలాగే ఉంటుంది. 1990లో అక్కడి లండన్ బ్రిడ్జ్ అనే రాతి తోరణం, 2005లో ట్వెల్వ్ అపోస్టల్స్ అనే సముద్రంలోని రాతి స్తంభాల్లో ఒకటి కూలిపోయాయి. ఫొటో కోసం పిల్లల్ని కంచె మీద కూర్చోబెట్టకండి, దయచేసి.
- గిబ్సన్ స్టెప్స్ (కొండ మీంచి బీచ్‌కి దిగే మెట్లు) కింద బీచ్‌లో అలలకి వీపు తిప్పి నిలబడొద్దు. అమ్మానాన్నలకి మోకాళ్ల నొప్పులుంటే పైనుంచే చూపించండి.
- కొన్నిచోట్ల సిగ్నల్ ఉండదు. వ్యాన్ నంబర్ ఫొటో తీసుకోండి, డ్రైవర్ చెప్పిన టైమ్ రాసుకోండి. అత్యవసరమైతే 000కి ఫోన్ చేయండి.