వైద్యుడిగా, పియానో వాద్యకారుడిగా జీవించిన మనిషికి సంస్మరణ సభ జరపడం ఎలా

నెల్లూరు పొగతోటలో నలభై ఏళ్ళు వైద్యం చేసిన మా మేనమామగారు, ప్రతి రాత్రీ ఆఖరి రోగిని పంపించి చేతులు కడుక్కున్న తరువాత, మేడ మీద గదిలోని పియానో ముందు గంటసేపు కూర్చునేవారు. ఆయన పోయినప్పుడు పెద్దకర్మ రోజునే హడావుడిగా సంతాప సభ కూడా పెట్టాం. వక్తలు రెండు గంటలు మాట్లాడారు, అందరూ ఆయన హస్తవాసి గురించే చెప్పారు. పియానోకు చివర ఐదు నిమిషాలు మిగిలేసరికి భోజనాల పిలుపు వచ్చింది. ఆ లోటు నన్ను ఏడాదంతా బాధించింది. సంవత్సరీకం తరువాత మళ్ళీ సభ జరిపి ఆ పొరపాటు దిద్దుకున్నాం. అటువంటి మనిషిని తలచుకోదలచిన వారికి మా అనుభవం పనికివస్తుందని ఇది రాస్తున్నాను. రోగి నాడి పట్టిన వేళ్ళే పియానో మెట్ల (వేళ్ళతో నొక్కే కీల) మీదా నడిచాయి కనుక, సంగీతాన్ని ఆయన కాలక్షేపమని ఒక్క వాక్యంతో దాటవేస్తే ఆ జీవితంలో సగాన్ని చెరిపివేసినట్లేనని నా గట్టి నమ్మకం.

ముందుగా సభను కర్మకాండ రోజుల నుంచి వేరు చేయండి. ఆ పన్నెండు రోజులూ ఇంటివారికి ఒక పాటను నిమ్మళంగా వినే స్థితి ఉండదు. మన ప్రాంతంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలూ తుపాన్లూ ఉంటాయి కనుక జనవరి, ఫిబ్రవరి నెలలు మనుషులకూ పియానోకూ కూడా అనుకూలం. మొహర్రం సమయంలో బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగ జరిగే రోజుల్లో పైఊరి నుంచి వచ్చేవారికి బస దొరకడం కష్టమవుతుంది కాబట్టి ఆ తేదీలను కూడా చూసుకోండి.

తరువాతి పని ఆయన నొటేషన్ పుస్తకాలను, అంటే వాయించవలసిన స్వరాలు రాసి ఉన్న పుస్తకాలను, తెరవడం. మనుషుల జ్ఞాపకాల కంటే ఇవే ముందు చూడదగినవని నేను అంటాను, ఎందుకంటే జ్ఞాపకాలు పొగడ్తలుగా మారిపోతాయి కానీ పెన్సిలు గుర్తులు మారవు. స్వరాల పైన వేసిన 1 నుంచి 5 వరకు అంకెలు ఏ స్వరాన్ని ఏ వేలితో వాయించాలో చెబుతాయి. పియానోలో 1 అంటే బొటనవేలు, 5 అంటే చిటికెనవేలు. మామయ్య పుస్తకంలో ఒకచోట 4 అంకె చుట్టూ మూడు సార్లు సున్నా చుట్టి ఉంది. ఉంగరపు వేలు అక్కడ ఆయనను ఎన్ని రాత్రులు సతాయించిందో ఆ సున్నాలే చెబుతున్నాయి. మరొక పుటలో మందుల చీటీ ఒకటి మడిచి ఉంది. దాని వెనుక ఆయన చేతిరాతతో "24వ బార్, ఎడమ చెయ్యి ఒక్కటే, నెమ్మదిగా" అని ఉంది (బార్ అంటే నొటేషన్‌లో నిలువు గీతల మధ్య ఉండే ఒక తాళ భాగం). ఇటువంటివి కనిపిస్తే పుటను కదిలించకుండా ముందు ఫోటో తీసి, ఏ పుస్తకం, ఎన్నో పుట అన్నది పక్కనే రాసి పెట్టుకోండి. ఏ పుటలు ఎక్కువగా నలిగాయో, ఎక్కడ పాలిస్టరు టేపు అంటించి ఉందో గమనిస్తే సభలో ఏమి వాయించాలో సగం తేలిపోతుంది.

ఆసుపత్రి కాగితాల విషయంలో మాత్రం చెయ్యి బిగపట్టండి. రోగి పేరు, జబ్బు ఉన్న కాగితం ఎంత హృదయాన్ని కదిలించేదైనా ప్రదర్శనకు పెట్టకూడదు. ఆ గోప్యత వైద్యుడితో పాటు పోయేది కాదు. చికిత్స ప్రారంభించిన నాటి నుంచి మూడేళ్ళ పాటు ఆసుపత్రిలో చేర్చుకున్న రోగుల రికార్డులను భద్రపరచాలని 2002 నాటి వైద్య వృత్తి నియమావళి చెబుతోంది కాబట్టి, ఇటీవలి ఫైళ్ళను తొందరపడి చించవద్దు. రోగులు మాట్లాడదలిస్తే వారే ముందుకు వచ్చి తమ మాట తాము చెప్పనివ్వండి. రబ్బరు స్టాంపును, మిగిలిన చీటీల పుస్తకాలను మరొకరు వాడుకునే వీలు లేకుండా చేయడం కూడా ఇంటివారి బాధ్యతే.

ఇక పియానో. అందరూ చివరికి వదిలేసే పని ఇదే, అన్నిటికంటే ముందు మొదలుపెట్టవలసిన పనీ ఇదే. 88 మెట్ల వెనుక సుమారు 220 నుంచి 230 ఉక్కు తీగలు ఉంటాయి. వాటన్నిటి బిగువు కలిపితే 18 నుంచి 20 టన్నుల దాకా ఉంటుంది. గాలిలో తేమ పెరిగితే లోపలి చెక్క ఉబ్బి శ్రుతి పైకి పోతుంది, వేసవిలో ఎండితే కిందికి దిగుతుంది. కోస్తా గాలికి తీగలు తుప్పు పడతాయి, మెట్లు ఉబ్బి ఒకదానితో ఒకటి రాసుకుంటాయి, తీగలను కొట్టే చిన్న సుత్తుల మీది ఫెల్టును (మెత్తటి ఉన్ని పొరను) పురుగు కొరుకుతుంది, ఏడాది ముట్టుకోకపోతే చెదలు కూడా పట్టవచ్చు. ముందు పలకను తీసి టార్చిలైటుతో లోపల చూడండి, ప్రతి మెట్టునూ ఒక్కొక్కటిగా నొక్కి పలకనిదానికి చిన్న కాగితం ముక్క అంటించండి, ఆ జాబితాతో చెన్నైలో పియానోలు శ్రుతి చేసే ట్యూనరుకు ఫోన్ చేయండి. తీగలు చుట్టిన మేకుల మీద కొబ్బరినూనె గానీ, యంత్రాలకు వేసే నూనె గానీ ఎట్టి పరిస్థితిలోనూ వేయవద్దు. నూనె చెక్కలోకి దిగితే ఆ మేకులు మళ్ళీ బిగువు నిలుపుకోలేవు. కలరా ఉండలు పెట్టదలిస్తే గుడ్డ మూటలో కట్టి అడుగు భాగంలోనే ఉంచండి.

చాలాకాలం శ్రుతి చేయని పియానోను ఒక్కసారిగా సరైన స్థాయికి లాగడం కుదరదు. ముందు మొత్తం శ్రుతిని పైకి తెచ్చి, కొన్ని రోజులు కుదురుకోనిచ్చి, సభకు దగ్గరలో రెండోసారి సరిచేయించాలి. పాత తీగ ఒకటి తెగవచ్చునని ట్యూనరు ముందే చెబితే కంగారు పడకండి. మేము మొదటిసారి పియానోను సభ జరిగే రోజు ఉదయమే మినీ లారీలో హాలుకు తెచ్చాం. సాయంత్రానికి రెండు మెట్లు బిగుసుకుపోయాయి, శ్రుతి చెదిరిపోయింది. అందువల్ల వీలైతే సభనే పియానో ఉన్న ఇంటికి తీసుకురండి. యాభై మంది పట్టే వసారా చాలు. పెద్ద హాలు తప్పనిసరైతే, బరువుగా నొక్కుడుపడే 88 మెట్ల డిజిటల్ పియానోను అద్దెకు తెచ్చి, దానితో పాటు, ఆయన పియానో మీద ఇప్పటి వాద్యకారుల చేత వాయింపజేసినదాన్ని ఇంట్లోనే ముందుగా రికార్డు చేసి వినిపించడం మేలు.

వాయించేవారిని వెతకడానికి మన జిల్లాల్లో మొదటి చోటు చర్చిలు. 1840లో శామ్యూల్ డే నెల్లూరు వచ్చినప్పటి నుంచి అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఇక్కడా, తరువాత ఒంగోలులోనూ పని చేసింది కనుక పాశ్చాత్య స్వరలిపి చదవగలవారు ఆ కుటుంబాల్లో కనిపిస్తారు. అక్కడ దొరకకపోతే ట్రినిటీ (లండన్ ట్రినిటీ కాలేజీ వారి పాశ్చాత్య సంగీత) పరీక్షలు రాస్తున్న విద్యార్థులను, చెన్నైలో 2008లో మొదలైన కె.ఎం. మ్యూజిక్ కన్సర్వేటరీ వంటి చోట్ల చదువుతున్నవారిని అడగండి. కనీసం ఆరు వారాల ముందు ఆయన పుటల నకళ్ళు పంపండి. పెద్ద పేరున్నవారి కంటే ఆయన వేళ్ళ గుర్తులను గౌరవంగా చదివి అభ్యాసం చేసే పిల్లలే నాకు ఇష్టం.

సంగీతం అరగంట మించకుండా పాశ్చాత్య స్వరకర్తల మూడు కృతులు చాలు. మొదట బాహ్ 1722 నాటి 'వెల్ టెంపర్డ్ క్లావియర్' సంపుటంలోని సి మేజర్ ప్రెల్యూడ్ (చిన్న ఆరంభ కృతి) పెట్టండి. 35 బార్ల చిన్న కృతి కనుక అలవాటు లేని చెవికి కూడా అందుతుంది. మన సంగీతంలో స్వరం గమకంతో ఊగుతుందనీ, పియానోలో స్వరం కదలదు గానీ అనేక స్వరాలు ఒకేసారి కలిసి పలుకుతాయనీ, ఈ కృతిలో ఆ కలయికను ఒక్కొక్క స్వరంగా విడదీసి వినిపిస్తారనీ మూడు వాక్యాల్లో చెబితే శ్రోతలు చెవి ఒగ్గుతారు. తరువాత బేతోవెన్ ఓపస్ 13 (ఓపస్ అంటే స్వరకర్త రచనల వరుస సంఖ్య) సొనాటాలోని, అంటే కొన్ని భాగాలుగా సాగే వాద్య కృతిలోని, నెమ్మది భాగం. చివరకు బ్రామ్స్ 1892లో రాసిన ఓపస్ 117లో మొదటిది, జోలపాటలా సాగేది. బ్రామ్స్‌ను ఎంచుకోవడానికి కారణం కూడా సభలో చెప్పవచ్చు. 1881 జనవరి 29న కడుపు క్యాన్సర్‌కు తొలిసారి విజయవంతంగా శస్త్రచికిత్స చేసిన వియన్నా వైద్యుడు బిల్‌రోత్ పియానో వాయించేవాడు, బ్రామ్స్‌కు ఆప్తమిత్రుడు. తన ఓపస్ 51 క్వార్టెట్లను (నలుగురు కలిసి వాయించే కృతులను) బ్రామ్స్ ఆయనకే అంకితమిచ్చాడు. ఈ కోవలో మనకూ కర్ణాటక సంగీత విద్వాంసులు డాక్టర్ శ్రీపాద పినాకపాణిగారు ఉన్నారు. వైద్య కళాశాల ఆచార్యుడిగా పనిచేస్తూనే నేదునూరి కృష్ణమూర్తిగారి వంటి విద్వాంసులను తయారుచేశారు. చోపిన్ శవయాత్రా సంగీతం పెట్టమని ఎవరైనా అడుగుతారు. పోయినాయన దాన్ని ఇష్టపడి వాయించి ఉంటే తప్ప నేను వద్దంటాను.

మాటలు సంగీతానికి ముందు ఉండాలి, ముగ్గురు వక్తలు మించకూడదు, ఒక్కొక్కరికి ఏడు నిమిషాలు. ప్రతివారినీ ఒక్క సంఘటన, తాము కళ్ళారా చూసినది, ముందే రాసుకుని రమ్మని అడగండి. మా కాంపౌండరుగారు ఇలా చెప్పారు: "డాక్టరు గారు ఇంజక్షన్ ఇచ్చే ముందు బల్ల మీద వేళ్ళు ఒక్కసారి ఆడించేవారమ్మా, అది చూసి పిల్లలు ఏడుపు మానేసేవారు." ఆ మాట తరువాత ఎవరూ ఆయనను పొగడవలసిన అవసరం కలగలేదు. వాయించేటప్పుడు ఫ్యాన్లు నెమ్మదిగా తిప్పి, ఫోన్లు ఆపమని అడిగి, భోజనాల గిన్నెలను పూర్తయ్యేదాకా లోపలికి తేవద్దని వంటవారికి గట్టిగా చెప్పండి. కరెంటు పోతే వాద్యం ఆగనవసరం లేదు, పుట కనబడడానికి ఒక ఎమర్జెన్సీ లైటు మాత్రం దగ్గర పెట్టండి.

ఆయన వాయించిన క్యాసెట్లు ఉంటే, బూజు పట్టినదాన్ని టేప్ రికార్డరులో పెట్టకండి. తెలిసినవారితో శుభ్రం చేయించి డిజిటల్ ప్రతులు తీయించి, రెండు వేర్వేరు ఇళ్ళలో ఉంచండి. నొటేషన్ పుస్తకాలను బీరువాలో పెట్టి తాళం వేయడం కంటే, సభలో వాయించిన అమ్మాయికో అబ్బాయికో ఇచ్చివేయడం మంచిది. మేము అలాగే ఇచ్చాం. పెన్సిలు గుర్తులను రబ్బరుతో చెరపవద్దని మాత్రం ఇచ్చేటప్పుడే చెప్పండి.