జింక మాంసం పొయ్యి మీదికి ఎక్కేముందు: అమెరికాలో వేటకు వెళ్ళే మనవాళ్ళకు కొన్ని జాగ్రత్తలు

గత నవంబరులో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం నుండి నా మేనల్లుడు ఫోను చేసి, "మామా, మొదటిసారి జింకను కొట్టినాను, మాంసం ఫ్రీజర్‌లో ఉంది, టెస్టు రిజల్టు ఇంకా రాలేదు, తోటివాళ్ళు ఏమీ కాదు తినమంటున్నారు, ఏం చెయ్యమంటావు?" అని అడిగాడు. నేను తిరుపతి పశువైద్య కళాశాలలో చదువుకొని, చిత్తూరు జిల్లా పల్లెల్లో ముప్ఫై ఏళ్ళు పశువులకు వైద్యం చేసినవాణ్ణి. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకను వేటాడటం నేరం కనుక, శేషాచలం కొండల నీడలో పెరిగిన పిల్లలకు ఈ సంగతులు ఇంట్లో ఎవరూ నేర్పి ఉండరు. అక్కడ లైసెన్సు తీసుకొని వేటకు వెళ్తున్న మన పిల్లలు చాలామందికి అదే సందేహం ఉంటుందనే ఉద్దేశంతో ఇది రాస్తున్నాను.

వాడు భయపడిన జబ్బు పేరు క్రానిక్ వేస్టింగ్ డిసీజ్. చిక్కిపోయే జబ్బు అనుకుందాం. దీనికి కారణం సూక్ష్మజీవి కాదు, ప్రయాన్ అనే వంకర తిరిగిన ప్రోటీను. అది మెదడులోని మంచి ప్రోటీన్లను కూడా తనలాగే వంకర తిప్పుతూ పోతుంది. బ్రిటన్‌లో ఆవులకు వచ్చిన పిచ్చి ఆవు జబ్బు, గొర్రెలకు వచ్చే స్క్రేపీ ఈ జాతివే. దీన్ని 1967లో కొలరాడోలోని ఒక పరిశోధన కేంద్రపు జింకల్లో మొదట గమనించారు. 2002లో విస్కాన్సిన్‌లోనూ ఇల్లినాయ్‌లోనూ, 2016లో నార్వే రెయిన్‌డీర్లలోనూ బయటపడింది. మందు లేదు, టీకా లేదు, సోకిన జింక బతకదు. అన్నిటికంటే ముఖ్యంగా గుర్తుంచుకోవలసింది ఏమిటంటే, జబ్బు సోకిన జింక ఏడాదిన్నర, రెండేళ్ళ దాకా ఒళ్ళు నిగనిగలాడుతూ ఆరోగ్యంగానే కనిపిస్తుంది, ఆ కాలంలోనే లాలాజలం, మూత్రం, పేడ ద్వారా జబ్బును చుట్టుపక్కల చల్లుతూ ఉంటుంది. కాబట్టి "బాగా బలిసిన జింక, దానికి జబ్బేమిటి" అన్న మాటను నమ్మవద్దు.

మనిషికి ఇది సోకినట్లు ఇంతవరకు నిరూపణ కాలేదు. అయినా పాజిటివ్ వచ్చిన జంతువు మాంసం తినవద్దని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ చెబుతోంది, నేనూ అదే చెబుతాను. పిచ్చి ఆవు జబ్బు మనుషులకు రాదని మొదట ధైర్యం చెప్పినవారే 1996లో ఆ మాటను వెనక్కి తీసుకోవలసి వచ్చింది.

వేటకు బయలుదేరే ముందే, మీరు వెళ్ళే కౌంటీలో (మన జిల్లా లాంటిది) ఈ జబ్బు ఉందో లేదో, తల ఎక్కడ ఇవ్వాలో, కళేబరాన్ని ఆ ప్రాంతం దాటించవచ్చో లేదో ఆ రాష్ట్ర వన్యప్రాణి శాఖ నిబంధనలు చదివి తెలుసుకోండి. రాష్ట్రానికొక పద్ధతి ఉంటుంది. చొంగ కారుస్తూ, చెవులు వేలాడేసి, తూలుతూ, మనిషిని చూసి బెదరని జింక ఎదురైతే దాన్ని కొట్టకుండా, ముట్టకుండా అధికారులకు చెప్పండి. కొట్టిన జింకను కోసేటప్పుడు చేతులకు రబ్బరు తొడుగులు వేసుకోండి. వంటింటి కత్తి అడవికి తీసుకుపోవద్దు, అడవిలో వాడిన కత్తి వంటింట్లోకి తేవద్దు. పని అయ్యాక కత్తికి అంటిన మాంసం, కొవ్వు పూర్తిగా కడిగేసి, ఇళ్ళల్లో వాడే బ్లీచ్ ద్రావణం రెండు పాళ్ళకు మూడు పాళ్ళ నీళ్ళు కలిపి అందులో ఐదు నిమిషాలు నానబెట్టండి. మాంసపు తునక అంటుకొని ఉంటే బ్లీచ్ దాని లోపలికి చొరబడదు కనుక ముందు కడగటం తప్పనిసరి.

కోత దగ్గర మనవాళ్ళకు ప్రత్యేకంగా ఒక మాట చెప్పాలి. మన వైపు వేట అంటే పొట్టేలో మేకపోతో. దాన్ని కోసినప్పుడు తలకాయ, కాళ్ళు, బోటి ఏదీ పారెయ్యం. తలకాయ కూర, మెదడు వేపుడు, నల్లి బొక్కల పులుసు లేకుండా సంకటి ముద్ద దిగదు. ఆ అలవాటును జింక దగ్గరికి తీసుకుపోవద్దు. ప్రయాన్లు ఎక్కువగా పేరుకొనేది మెదడు, వెన్నుపాము, కళ్ళు, ప్లీహం, గొంతు దగ్గరి గ్రంథుల్లోనే. కత్తి పెట్టి వెన్నెముకను నరికి, ఎముకతో ముక్కలు కొట్టే మన పద్ధతిలో వెన్నుపాము మాంసమంతటికీ అంటుకుంటుంది. అందుకని ఎముకను ఎక్కడా నరకకుండా, తొడ, జబ్బ, వీపు కండలను మాత్రమే ఎముక నుండి ఒలిచి తీసుకోండి. కొవ్వు, గ్రంథులు కనిపించిన చోటల్లా తీసేయండి. ఎన్ని విజిల్స్ వచ్చినా ఈ ప్రోటీను చావదు. వంటింటి కుక్కరు వేడి సుమారు 120 డిగ్రీలు. ఆసుపత్రి పరికరాల మీది ప్రయాన్లకు 134 డిగ్రీల ఆవిరిలో 18 నిమిషాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. కోయటానికి దుకాణానికి ఇస్తే, మీ జింకను ఇతరుల జింకలతో కలపకుండా విడిగా కోసి, కీమా కూడా విడిగా కొట్టమని ముందే అడగండి.

పరీక్షకు మాంసం పనికిరాదు. గొంతు వెనుక ఉండే లింఫ్ గ్రంథులను, మెదడు కింది భాగాన్ని పరీక్షిస్తారు కనుక తలను నాలుగైదు అంగుళాల మెడతో సహా కోసి ఇవ్వాలి. విస్కాన్సిన్‌లో ఈ పరీక్ష వేటగాళ్ళకు ఉచితం. తలలు వదిలి వెళ్ళటానికి ఊరూరా పెట్టెలు ఉంటాయి. జింకను ఎక్కడ కొట్టారో సరిగ్గా రాయండి, ఆ వివరం లేకపోతే జబ్బు ఎటు పాకుతోందో అధికారులకు తెలియదు. ఫలితం రావటానికి రెండు వారాలో అంతకంటే ఎక్కువో పట్టవచ్చు. అంతవరకు ఆ జింక మాంసపు పొట్లాలన్నిటి మీద తేదీ, రిజిస్ట్రేషన్ నంబరు రాసి ఫ్రీజర్‌లో ఒక పక్కన పెట్టండి, మిత్రులకు పంచవద్దు. పాజిటివ్ వస్తే మొత్తం మాంసాన్ని రెండు సంచుల్లో మూటకట్టి, అక్కడి నిబంధనల ప్రకారం చెత్త పూడ్చే స్థలానికి చేరేలా పారవేయండి. కుక్కకు కూడా వెయ్యవద్దు. నెగెటివ్ వచ్చిందంటే పరీక్షకు జబ్బు అందలేదని అర్థం, లేదని హామీ కాదు. మెదడు, వెన్నుపాము జాగ్రత్తలు అప్పుడూ తప్పవు.

వేటగాళ్ళ ఫిర్యాదులను నా మేనల్లుడు నాకు ఒక్కొక్కటే చెప్పాడు, వాటిలో న్యాయం లేకపోలేదు. 2002లో విస్కాన్సిన్ ప్రభుత్వం జబ్బు పాకకుండా ఆపటానికి, అది ఉన్న ప్రాంతంలో జింకలను వీలైనంత తగ్గించాలని పూనుకున్నప్పుడు, తరతరాలుగా అదే అడవిలో వేటాడి తింటున్నవాళ్ళకు అది తమ అన్నం మీద దాడిలాగే తోచింది. వ్యతిరేకత పెరిగి ఆ పని క్రమంగా సడలిపోయింది. పక్కనే ఉన్న ఇల్లినాయ్ మాత్రం జబ్బు కనిపించిన చిన్న చిన్న చోట్ల ఏటా జింకలను తగ్గిస్తూ వచ్చి, చాలా ఏళ్ళపాటు జబ్బును తక్కువ స్థాయిలో నిలుపుకోగలిగింది. నైరుతి విస్కాన్సిన్‌లోని కొన్ని చోట్ల ఈనాడు పరీక్షించిన పెద్ద మగ జింకల్లో మూడో వంతుకు పైగా జబ్బుతో ఉన్నవే. జింకలు తగ్గిపోతాయని భయపడేవాళ్ళు వయోమింగ్ వైపు కూడా చూడాలి: అక్కడ జబ్బు ముదిరిన ఒక తెల్లతోక జింకల గుంపు ఏటా సుమారు 10 శాతం చొప్పున తరిగిపోతున్నట్లు 2016లో వెలువడిన అధ్యయనం తేల్చింది. తుపాకీ పట్టుకోకపోతే జింక మిగులుతుందనుకోవటం ఈ జబ్బు ఉన్నచోట పొరపాటు.

కనుక మీ వంతుగా ఆడ జింకకు అనుమతి దొరికితే వదులుకోకండి. కొమ్ములు ఇంకా పెరగాలని పెద్ద మగ జింకను ఏళ్ళ తరబడి వదిలిపెట్టే అలవాటు మానుకోండి, ఎందుకంటే ఆడవాటికంటే వాటిలోనే జబ్బు ఎక్కువ. మక్కజొన్న కుప్పలు పోసి, ఉప్పు గడ్డలు పెట్టి జింకలను ఒకచోటికి రప్పించవద్దు; పది మూతులు ఒకే కుప్పలో పెడితే ఒకదాని చొంగ అన్నిటికీ చేరుతుంది. ఒలిచిన ఎముకలను అడవిలో పారేస్తే మట్టిలో ఆ ప్రోటీను ఏళ్ళ తరబడి చావకుండా ఉంటుంది.

మన దేశపు అడవుల్లో ఈ జబ్బు ఉన్నట్లు ఇంతవరకు నమోదు కాలేదు, అది అలాగే ఉండాలి. తిరుమల ఘాట్ రోడ్డు పక్కన కనిపించే దుప్పులకు, కణితులకు ఈ కొత్త ఆపద మన సూట్‌కేసుల్లో రాకూడదు. తల్లిదండ్రులకు రుచి చూపించాలని ఎండబెట్టిన జింక మాంసాన్ని, గోడకు తగిలించటానికి పుర్రెతో ఉన్న కొమ్ములను తేవద్దు. అనుమతి లేకుండా అటువంటివి దేశంలోకి తీసుకురావటం చట్టవిరుద్ధం కూడా. వేటలో వేసుకున్న బూట్ల అడుగున పట్టిన మట్టిని గీకి కడగండి, వీలైతే ఆ జతను అక్కడే వదిలి వేరే చెప్పులతో విమానం ఎక్కండి.