రాత్రి మూడింటి నిర్ణయం గురువారమే రాసిపెట్టుకోండి: అడ్వెంచర్ రేసుకు ముందు జాగ్రత్తలు

దసరా వెళ్లాక బెంగళూరు చుట్టుపక్కల చెరువులు నిండుగా ఉంటాయి. ఎండ తగ్గుతుంది, కొండల మీద గడ్డి ఇంకా పచ్చగానే ఉంటుంది. అప్పటి నుంచి శివరాత్రి దాకా మాలాంటి వాళ్లకు రేసుల కాలం. నడక, పరుగు, సైకిలు, కయాక్ అనే చిన్న పడవ, తాళ్ల మీద కొండ దిగడం, మ్యాపు చూసుకుంటూ చెక్‌పాయింట్లు వెతకడం, అన్నీ ఒకే రేసులో, నలుగురూ కలిసి. మా అపార్ట్‌మెంట్‌లోనే ఈ ఏడు రెండు కొత్త టీములు తయారయ్యాయి. నాలుగేళ్ల కింద మారథాన్లు పరుగెత్తినవాళ్లే ఇప్పుడు ఇటు వస్తున్నారు. వాళ్లకు కాళ్లలో సత్తువ ఉంది. కానీ మారథాన్‌లో ఎక్కడ కూలబడినా పక్కన రోడ్డు ఉంటుంది, మనుషులుంటారు. ఇక్కడ ఉండరు. అందుకే ఇది రాస్తున్నాను.

మా టీములో నలుగురం. నేను, మా ఆయన, మా తమ్ముడు, మా ఆఫీసులో పనిచేసే నెల్లూరు అన్న. ఆరేళ్లుగా కలిసి దిగుతున్నాం. మూడు రేసులు మధ్యలో ఆపేశాం. ఆ మూడూ మాకు నేర్పింది ఒకటే. ఎప్పుడు ఆగాలో అలిసిపోయిన బుర్ర చెప్పలేదు. అది ముందే తేల్చుకుని కాగితం మీద పెట్టుకోవాలి.

రామనగర వైపు జరిగిన ఒక 24 గంటల రేసులో మధ్యాహ్నం నుంచి నెల్లూరు అన్న నీళ్లు తాగుతూనే ఉన్నాడు. జాగ్రత్త గల మనిషి, ఎండదెబ్బ తగలకూడదని తాగుతున్నాడు. పొద్దుగూకే వేళకు ఆరు లీటర్లు దాటింది. వేళ్లు ఉబ్బి ఉంగరం బిగిసిపోయింది. వాంతి చేసుకున్నాడు. తలనొప్పి అన్నాడు. ఒళ్లు ఎండిపోయిందేమో అనుకుని మేం ఇంకా నీళ్లు తాగించాం. తర్వాతి చెక్‌పాయింట్ ఎటు అని అడిగితే మాట తడబడింది. అదృష్టం కొద్దీ ట్రాన్సిషన్ దగ్గర, అంటే నడక నుంచి సైకిలుకో పడవకో మారే చోట, డాక్టరు ఉన్నారు. ఆయన చూసిన వెంటనే నీళ్ల సీసా లాక్కుని అన్నను ఆసుపత్రికి పంపారు. రక్తంలో సోడియం పడిపోయింది. అది లీటరుకు 135 మిల్లీమోల్స్ కంటే తగ్గితే ప్రమాదం మొదలైనట్టే. 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించిన 488 మందిలో 13 శాతం మందికి ఇలా తగ్గి ఉందని తర్వాత వైద్య పత్రికల్లో వచ్చింది. మేం చేసిన వైద్యమే అన్నకు విషమయ్యేది. ఆ రాత్రి గుర్తొస్తే నాకిప్పటికీ చేతులు చల్లబడతాయి.

అందుకే చెబుతున్నాను. దాహం వేసినప్పుడు తాగండి, గంటకింత అని లెక్కపెట్టి పొయ్యకండి. ఓఆర్ఎస్ ప్యాకెట్టు పెద్దది ఒకటి సరిగ్గా లీటరు నీళ్లలో కలపాలి, అర లీటరులో కాదు. టెట్రాప్యాక్‌లలో తియ్యగా అమ్మేవన్నీ ఓఆర్ఎస్ కావు, ప్యాకెట్టు వెనక రాసింది చదివి కొనండి. వేళ్లు ఉబ్బి, వాంతి వచ్చి, మాట మందగిస్తే నీళ్లు ఆపండి, మనిషిని డాక్టరు దగ్గరికి చేర్చండి. ఇక తిండి. పది గంటలు దాటాక తీపి నోట్లో పెట్టబుద్ధి కాదు. జెల్‌లు, చాక్లెట్లు బ్యాగులోనే మిగిలిపోతాయి. మాకు పనికొచ్చినవి పులిహోర, ఉప్పు చల్లిన ఉడికించిన బంగాళదుంపలు, పల్లీ చిక్కీ, ఊరేసిన నిమ్మకాయ ముక్క. పులిహోర చింతపండు, నూనె వల్ల నిలవుంటుంది. పెరుగన్నం మాత్రం వద్దు, మధ్యాహ్నానికే పులిసిపోతుంది.

ఆడవాళ్లకు ఒక మాట. చాటు దొరకదని, టీమును ఆపాల్సి వస్తుందని మనం నీళ్లు తాగడం మానేస్తాం. మొదటి రెండు రేసుల్లో నేను అదే చేశాను. రెండో రేసు మర్నాడు మూత్రంలో మంట, జ్వరం. ఇప్పుడు మా టీములో నేను ఆగుదాం అన్న క్షణమే ముగ్గురూ అటు తిరిగి మ్యాపు చూస్తారు, ఎవరూ ఏమీ అడగరు. నెలసరి తేదీ ఆ వారంలో పడుతుందంటే అది కూడా టీముకు ముందే చెప్పండి. తమ్ముడి ముందు ఇలాంటివి మాట్లాడ్డమేమిటని మొదట నాకూ అనిపించింది. ఇరవై నాలుగు గంటలు ఒకరి ప్రాణానికి ఒకరు పూచీగా ఉండేవాళ్ల దగ్గర ఇది దాచాల్సిన విషయం కాదు.

ఆ కాగితంలో ఏముంటుంది

రేసు శనివారమైతే గురువారం సాయంత్రం నలుగురం కూర్చుంటాం. కడుపు నిండి, బుర్ర చల్లగా ఉన్నప్పుడు రాస్తాం. అందులో పెద్ద సంగతులేం ఉండవు. ఎవరైనా ఆగుదాం అంటే ఆగుతాం, ఎందుకని ఐదు నిమిషాల దాకా అడగం. రెండు గంటలకోసారి ఒక్కొక్కరిని మూడు ప్రశ్నలు అడుగుతాం: ఆఖరిసారి ఏం తిన్నావు, తర్వాతి చెక్‌పాయింట్ ఏది, ఇవాళ ఏ వారం. ఒక్కటి తప్పినా టీము కూర్చుంటుంది. మెరుపు కనిపించాక ముప్ఫై లెక్కపెట్టేలోపు ఉరుము వినిపిస్తే బండరాయి మీది నుంచి దిగిపోతాం, ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా మళ్లీ ఎక్కం. సావనదుర్గ లాంటి నున్నటి ఏకశిల మీద పిడుగుకు అందరికంటే ఎత్తుగా ఉండేది మనమే. పైగా తడిసిన రాయి సబ్బులా జారుతుంది.

ఈ కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి మ్యాపుకు అంటిస్తాం. రేసు జరిగే తాలూకా ఆసుపత్రి ఎక్కడుందో, అక్కడ పాము విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కుని అదీ దాని మీదే రాస్తాం. నిర్వాహకులు చూసుకుంటారులే అని వదలకండి. మంచి నిర్వాహకులైతే మీరడగ్గానే చెబుతారు. అడవిలోకి అనుమతి ఉందా, డాక్టరు ఎక్కడుంటారు, పడవల పక్కన రక్షించే బోటు ఉందా, ఈ మూడింటికీ తిన్నగా జవాబు రాకపోతే డబ్బు పోయినా సరే ఆ రేసుకు వెళ్లకండి. 2018 మార్చిలో తమిళనాడులోని తేని జిల్లా కురంగణి కొండల్లో అడవి మంటల్లో చిక్కుకుని చెన్నై, ఈరోడ్‌ల నుంచి వెళ్లిన ట్రెక్కర్లలో ఇరవై మందికి పైగా చనిపోయారు. ఎండిన గడ్డి కొండల్లోకి మార్చిలో తీసుకెళ్తామని ఎవరన్నా ఆ పేరు గుర్తు చేసుకోండి.

నీళ్లు

మనలో చాలామందికి ఈత రాదు. అపార్ట్‌మెంట్ పూల్‌లో నేర్చుకున్నది జలాశయంలో సరిపోదు. లైఫ్ జాకెట్ బిగించాక పక్కవాళ్లను భుజాల దగ్గర పట్టి పైకి లాగమనండి. చెవుల దాకా లేచిందంటే అది మిమ్మల్ని కాపాడదు, ఇంకో సైజు అడగండి. పడవ తిరగబడితే పడవనే పట్టుకోండి, ఒడ్డు దగ్గరే ఉన్నట్టు కనిపించినా ఈదుకుంటూ వెళ్లకండి. జలాశయాల్లో నీటి కింద పాత చెట్ల మొదళ్లు, తెగిపోయిన నైలాన్ చేపల వలలు ఉంటాయి. మా తమ్ముడి కాలు ఒకసారి వలలో చిక్కుకుంటే జాకెట్‌కు కట్టుకున్న చిన్న కత్తే విడిపించింది. మధ్యాహ్నం గాలి లేస్తుంది. కాబట్టి నడిమధ్య నుంచి అడ్డదారి తీయకుండా ఒడ్డు వెంబడే ప్యాడిల్ వెయ్యండి. సాధన కోసం మంచినబెలె జలాశయం లాంటి చోట్లకు సొంతంగా వెళ్లి దిగకండి. అక్కడ నీళ్లు పైకి నిమ్మళంగా కనిపిస్తాయి, ప్రాణాలు పోయాయి.

మ్యాపులో నీలం గీతలన్నీ మంచినీళ్లు కావు. నగరపు మురుగంతా మోసుకుని పోయే వృషభావతి చివరికి అర్కావతిలోనే కలుస్తుంది. మురుగు, ఎలుకల మూత్రం కలిసిన నీళ్లు కోసుకుపోయిన చర్మంలోంచి ఒంట్లోకి వెళ్తే లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం రావచ్చు. 2000లో బోర్నియోలో జరిగిన ఎకో-ఛాలెంజ్ రేసులో సెగామా నది నీళ్లలో దిగినవాళ్లు ఇళ్లకు వెళ్లాక జ్వరాల పాలయ్యారు. ఆ తర్వాత పలకరించిన 189 మందిలో 80 మందికి ఆ లక్షణాలే. 29 మంది ఆసుపత్రిలో చేరారు. ముందుగా డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ వేసుకున్నవాళ్లకు కొంత రక్షణ దొరికింది. మీకది సరిపడుతుందో లేదో మీ డాక్టరే చెప్పాలి. మీరు చేయగలిగింది ఇంకోటి ఉంది. రేసైన రెండు మూడు వారాల్లోపు చలిజ్వరం, పిక్కల్లో నొప్పి, కళ్లు ఎర్రబడటం కనిపిస్తే ఆసుపత్రిలో మొదటి మాటగా చెరువు నీళ్లలో మునిగానని చెప్పండి. చెప్పకపోతే వాళ్లు డెంగ్యూ పరీక్ష చేసి పంపేస్తారు.

చీకటిలో

బెంగళూరు చుట్టూ రాత్రి నాకు ఎక్కువ భయం పుట్టించేవి పాములు కావు, క్వారీలు. మాగడి వైపు, దేవనహళ్లి వైపు గ్రానైటు తవ్వి వదిలేసిన గోతులుంటాయి. కొండలూ పల్లాలూ చూపించే పాత టోపో మ్యాపులో అక్కడ గుట్ట ఉంటుంది, నేల మీద నిలువునా లోయ ఉంటుంది. రాళ్ల పొడి, లారీ చక్రాల జాడలు, ఉన్నట్టుండి ఆగిపోయే వెడల్పాటి మట్టిరోడ్డు, ఇవి కనిపిస్తే సైకిలు దిగి నడవండి. నీలగిరి తోపుల్లో బాటలు కూడా నమ్మదగ్గవి కావు, తోపు నరికినప్పుడల్లా మారిపోతాయి. ఎటు ఎక్కుతున్నాం, ఎటు దిగుతున్నాం అని మ్యాపులో ఎత్తు చూపే కాంటూర్ గీతలతో సరిచూసుకోండి. ఊళ్లో మనిషి కనిపిస్తే, ఇది ఫలానా ఊరికి వెళ్తుందా అని అడగకండి. మొహమాటానికి అవుననేస్తారు. "అణ్ణా, ఈ దారి ఎల్లిగె హోగుత్తె?" అని అడగండి, ఎక్కడికి వెళ్తుందో వాళ్లే చెబుతారు. బాగేపల్లి, గౌరిబిదనూరు వైపైతే మన తెలుగే సరిపోతుంది.

నవంబరు, డిసెంబరుల్లో రాగి చేలు కోతకొస్తాయి. కనకపుర వైపు ఏనుగులు అడవి దాటి చేలలోకి వచ్చేది అప్పుడే. అడవిపందుల కోసం కొందరు రైతులు కంచెకు కరెంటు పెడతారు. చేనుకు అడ్డం పడి దారి తగ్గించుకోవడం పంటకూ నష్టం, ప్రాణానికీ నష్టం. తాజా ఏనుగు లద్దె కనిపిస్తే వచ్చిన దారినే వెనక్కి వెళ్లండి, ఆ చెక్‌పాయింట్ వదిలేయండి.

పాము కరిస్తే కట్లు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం ఏదీ చేయొద్దు. కాలు కదలకుండా కర్ర దన్నుతో చుట్టి, మనిషిని నడిపించకుండా ఆసుపత్రికి చేర్చడమే. కట్లపాము కాటు నొప్పి కూడా తెలియకపోవచ్చు. కాబట్టి చీకట్లో కూర్చునే ముందు లైటు వేసి చూసుకోండి, విప్పిన బూట్లు దులిపి తొడుక్కోండి.

తాళ్ల దగ్గర మూడే మాటలు. రామనగర కొండ అంచులకు పెద్ద తేనెపట్టులు వేలాడుతుంటాయి, తాడు మీద ఉన్నవాడు వాటి నుంచి పారిపోలేడు. దిగే ముందు కింది నుంచి కొండ మొత్తం చూడండి, సెంటు రాసుకోవద్దు, అరవొద్దు. రెండోది జడ. చొక్కా లోపలికి దోపి, హెల్మెట్ కింద బిగించాలి. తాడు దిగే ఇనుప పరికరంలో వెంట్రుకలు చిక్కుకుంటే సగం దారిలో వేలాడాలి. మూడోది, వాలంటీరు చూశాడు కదా అనుకోకుండా ఒకరి హార్నెస్ (నడుముకు కట్టుకునే పట్టీ) బకిల్, కారబైనర్ (తాడుకు తగిలించే కొక్కెం) మర ఇంకొకరు చేత్తో తాకి చూడండి. రాత్రంతా మెలకువగా ఉన్నది మీరే కాదు, అతనూ ఉన్నాడు.

మూడింటికి నిద్ర వస్తుంది. రాకుండా ఉండదు. సైకిలు మీద పల్లం దిగుతూ మా ఆయన ఒక్క క్షణం కన్నుమూశారు, కాలర్‌బోన్ విరిగింది. అది మేం ఆపేసిన రెండో రేసు. ఇప్పుడు ఎవరికి రెప్ప బరువెక్కినా పొడి బట్ట, స్పేస్ బ్లాంకెట్ (వేడి పోనివ్వని పల్చటి వెండిరంగు దుప్పటి) కప్పుకుని ఇరవై నిమిషాలు నలుగురం ఒకేచోట పడుకుంటాం, ఒకరు అలారం చేతికి కట్టుకుంటారు. పొడి బట్ట అంటే నిజంగా పొడిది, రెండు కవర్లలో చుట్టినది. డిసెంబరులో తడి ఒంటితో కొండగాలిలో ఆగితే పళ్లు కొట్టుకుంటాయి.

ఇక ఇల్లు చేరడం. 17 గంటలు నిద్ర లేని మనిషి చూపు, చేతి వేగం రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషితో సమానంగా పడిపోతాయని పరిశోధనల్లో తేలింది. మన చట్టం బండి నడపడానికి ఒప్పుకునేది 0.03 శాతం. ఫినిష్ లైన్ దాటిన సంతోషంలో ఈ సంగతి ఎవరికీ గుర్తుండదు, మెడలో పతకంతోనే హైవే ఎక్కేస్తారు. మా మరిదికి రేసులంటే ఆసక్తి లేదు, డ్రైవింగ్ ఇష్టం. బండి తాళాలు శుక్రవారం రాత్రే అతని చేతికి ఇచ్చేస్తాం. ఆదివారం మధ్యాహ్నం వస్తాడు, వస్తూ పెరుగన్నం తెస్తాడు.