ఇంటి గీజర్ పాఠాలు – 3: గడియారం పట్టిచ్చే లోపం

పోయిన పాఠంలో గీజర్ లోపల ఏమేం ఉంటాయో చూశాం: ట్యాంకు, నీళ్లను కాచే కాయిల్, పెట్టిన వేడి రాగానే కాయిల్‌కి కరెంటు ఆపే థర్మోస్టాట్, వేడి హద్దు దాటితే కరెంటు తెంచేసే కటౌట్, ట్యాంకుకు తుప్పు పట్టకుండా తాను కరిగిపోయే మెగ్నీషియం కడ్డీ. ఈసారి స్క్రూడ్రైవర్ పట్టుకునేది సగం పాఠం అయ్యాకే. ముందు గడియారం కావాలి.

"నీళ్లు సరిగ్గా కాగట్లేదు" అన్న ఒక్క ఫిర్యాదులో మూడు వేర్వేరు లోపాలు దాక్కుని ఉంటాయి. అసలు కాగకపోవడం, ఆలస్యంగా కాగడం, త్వరగానే కాగి త్వరగానే అయిపోవడం. ఏది ఏదో తేల్చుకోకుండా కాయిల్ మార్చేస్తే, కొత్త కాయిల్‌తోనూ అదే ఫిర్యాదు మిగులుతుంది.

మీ గీజర్‌కి ఎంతసేపు పట్టాలో ముందు లెక్క వేయండి. ట్యాంకు లీటర్లను, పెరగాల్సిన డిగ్రీలతో గుణించి, కాయిల్ కిలోవాట్లతో భాగించి, వచ్చినదాన్ని 14తో భాగిస్తే నిమిషాలు వస్తాయి. 15 లీటర్ల ట్యాంకు, 2 కిలోవాట్ల కాయిల్, 25 డిగ్రీల నీళ్లు 60కి చేరాలి అనుకుందాం: 15 × 35 ÷ 2 ÷ 14, అంటే దాదాపు 19 నిమిషాలు. అదే చలికాలంలో పైపులో నీళ్లు 15 డిగ్రీలే ఉంటే 24 నిమిషాలు పడుతుంది. "చలి మొదలయ్యాక గీజర్ పాడైంది" అనే మాటల్లో కొన్ని ఇక్కడితోనే తేలిపోతాయి.

ఇప్పుడు పరీక్ష. ట్యాంకులో నీళ్లు పూర్తిగా చల్లబడి ఉన్నప్పుడు స్విచ్ వేసి టైం రాసుకోండి. మధ్యలో ఎవరూ వేడి నీళ్ల కుళాయి తిప్పకూడదు. థర్మోస్టాట్ తెంచిన క్షణాన లైటు ఆరిపోతుంది, కొన్ని మోడళ్లలో రంగు మారుతుంది. ఆ టైం కూడా రాసుకుని, కుళాయి తిప్పి కొన్ని నీళ్లు వదిలేశాక, మగ్గులో పట్టి థర్మామీటర్‌తో చూడండి. జ్వరం చూసేది పనికిరాదు, దాని కొలత 42 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. 60 డిగ్రీల నీళ్లు చర్మాన్ని కొన్ని సెకన్లలోనే కాల్చేస్తాయి కాబట్టి వేలు పెట్టి చూసే అలవాటు మానండి.

లెక్కకన్నా రెండు మూడు నిమిషాలు అటూ ఇటూ అయితే పట్టించుకోనక్కర్లేదు. బాగా ఎక్కువ పట్టిందంటే నా మొదటి అనుమానం కాయిల్ మీద కాదు, వోల్టేజి మీద. 230 వోల్టులకు చేసిన కాయిల్‌కి 180 వోల్టులే అందితే శక్తి ఆ నిష్పత్తి వర్గంలో పడిపోతుంది: 2 కిలోవాట్లు కాస్తా 1.2కి దిగుతుంది, 19 నిమిషాల పనికి అరగంట దాటుతుంది. రెండు కాయిల్స్ ఉన్న గీజర్లో ఒకటి కాలిపోయినా ఇదే లక్షణం.

సున్నం సంగతేంటి అంటారా? ఉప్పు నీళ్లు, అంటే కఠిన జలం, వేడెక్కినప్పుడు వాటిలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బొనేట్ విడిపోయి, కాల్షియం కార్బొనేట్‌గా కాయిల్ మీద గట్టిగా అతుక్కుంటుంది. దానివల్ల కరెంటు బిల్లు రెట్టింపవుతుందని చాలామంది చెబుతారు, నేను నమ్మను. కాయిల్ మునిగి ఉన్నది నీళ్లలోనే కదా, దానిలో పుట్టిన వేడి ఇంకెక్కడికి పోతుంది? చెడు జరిగేది వేరే చోట. పొర కింద వేడి బయటికి రాలేక కాయిల్ తొడుగు విపరీతంగా కాలి, ఆయుష్షు తీరకముందే పోతుంది. పొర సందుల్లో చిక్కిన నీళ్లు మరిగి గుడగుడమని చప్పుడు చేస్తాయి. కాయిల్ పక్కనే ఉన్న థర్మోస్టాట్ ఆ అతివేడికి మోసపోయి ముందే తెంచేస్తుంది. అందుకే సున్నం పట్టిన గీజర్ లైటు చాలాసార్లు లెక్కకన్నా ముందే ఆరుతుంది, మగ్గులో నీళ్లు మాత్రం గోరువెచ్చగానే ఉంటాయి. మూడో లోపం చిరునామా ఇదే. అయితే థర్మోస్టాట్‌ని ఎవరో తగ్గించి పెట్టారేమో ముందు చూసుకోండి.

ఇక విప్పడం. గోడ స్విచ్ ఒక్కటే చాలదు, మెయిన్ బోర్డులో గీజర్ లైనుకున్న ఎంసీబీ స్విచ్ కూడా దించండి, తర్వాత టెస్టర్‌తో చూసుకోండి. నీళ్లు చల్లారాక లోపలికొచ్చే వాల్వు కట్టేసి, వేడి నీళ్ల కుళాయి తిప్పి ఉంచండి. నీళ్లు ఆ కుళాయిలోంచి రావు, గాలి లోపలికి పోవడానికే అది. బయటికెళ్లే గొట్టం ట్యాంకు లోపల పైదాకా ఉంటుంది కాబట్టి, చల్ల నీళ్ల గొట్టం వదులు చేస్తేనే ట్యాంకు ఖాళీ అవుతుంది. కింద పెద్ద బకెట్ పెట్టుకోండి.

కాయిల్‌కి ఉన్న వైర్ల ఫొటో తీసుకున్నాకే వాటిని ఊడదీయండి. మల్టీమీటర్ ఉంటే రెండు కొసల మధ్య ఓములు చూడండి. 2 కిలోవాట్ల కాయిల్ 26 దగ్గర చూపాలి. ఏమీ చూపకపోతే అది తెగిపోయినట్టే. కొసకీ తొడుగుకీ మధ్య ముల్లు ఏమాత్రం కదిలినా ఆ కాయిల్ మళ్లీ బిగించకండి, కరెంటు నీళ్లలోకి కారుతోంది. గీజర్ వేయగానే ఆర్‌సీసీబీ, అంటే కరెంటు ఎక్కడైనా కారితే లైను తెంచేసే స్విచ్, పడిపోతోందంటే తరచూ కారణం ఇదే. ఎర్త్ సరిగా లేని ఇంట్లో, ఆర్‌సీసీబీ లేని ఇంట్లో ఈ పాఠం ఇక్కడే ఆపి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

బయటికొచ్చిన కాయిల్ తొడుగు మీద సున్నం పట్టి, సన్నటి గొట్టం బొటనవేలంత లావుగా కనిపించవచ్చు. కత్తితో గీకొద్దు, తొడుగు మీద పడిన గీతే రేపు చిల్లు. లీటరు వేడి నీళ్లలో రెండు మూడు చెంచాల నిమ్మ ఉప్పు, అదే సిట్రిక్ యాసిడ్, కలిపి అందులో ముంచండి. బుసబుసమని నురగ వస్తుంది, పెంకుల్లా పొరలు రాలతాయి. నురగ ఆగిపోయినా పొర మిగిలితే నీళ్లు మార్చి మళ్లీ ముంచండి. బాత్రూం కడిగే యాసిడ్ వాడొద్దు, అది సున్నంతో పాటు లోహాన్నీ తినేస్తుంది. ట్యాంకు అడుగున మిగిలిన గుల్లని చల్ల నీళ్ల వాల్వు కాస్త తెరిచి బకెట్లోకి కడిగేయండి.

తిరిగి బిగించేటప్పుడు కొత్త గాస్కెట్, అంటే నీళ్లు కారకుండా అతుకు మధ్య పెట్టే రబ్బరు, వేయండి. పాతది బాగానే ఉందనిపించినా వద్దు. బోల్టులు వరసగా కాకుండా ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించండి. నీళ్లు నింపి, వేడి నీళ్ల కుళాయిలోంచి గాలి లేకుండా ధార వచ్చేదాకా ఆగండి. ఖాళీ ట్యాంకులో స్విచ్ వేస్తే కొత్త కాయిల్ కూడా చూస్తుండగానే మాడిపోతుంది.

ఈ వారం పని: గడియారం పరీక్ష చేసి లీటర్లు, డిగ్రీలు, నిమిషాలు ఒక చీటీ మీద రాసి గీజర్ పక్కన అంటించండి. కాగుతున్నంతసేపు, ట్యాంకులో ఒత్తిడి పెరిగితే నీళ్లు వదిలే ప్రెషర్ వాల్వు దగ్గర ఎన్ని చుక్కలు పడుతున్నాయో, చల్లారాక ఆగుతున్నాయో లేదో కూడా అదే చీటీ మీద రాయండి. నాలుగో పాఠం కారడం గురించి, అప్పుడు ఆ చీటీ కావాలి.