బటన్లు ఉన్నా బండి జారుతోందా? ముందు టైరు తేదీ చూడండి

సమస్య: వాన పడితే చాలు, ముందు బ్రేక్ పట్టగానే బండి జారుతోంది. ఏబీఎస్ (బ్రేక్ వేస్తే చక్రం బిగుసుకుపోకుండా చూసేది) ఉన్న బండి అయితే చిన్న బ్రేక్‌కే లివర్ టకటకా కొట్టుకుంటోంది. టైరు చూస్తే బటన్లు, అంటే రోడ్డుకి తగిలే రబ్బరు దిమ్మలు, నిండుగా ఉన్నాయి.

ఈ మాట చెప్పేవాళ్ళు అప్పటికే ప్యాడ్లు మార్పించి, సెన్సర్ కూడా చెక్ చేయించి ఉంటారు. గాలి చూశారా అంటే మాత్రం "మొన్నే కొట్టించా" అంటారు. మొన్నటి సంగతి వద్దు. పొద్దున బండి తీయకముందే గేజ్ పెట్టి చూడండి. రోడ్డు మీద తిరిగి వేడెక్కిన టైరు ఎక్కువ రీడింగ్ చూపిస్తుంది. ఎంత ఉండాలో చెయిన్ కవర్ మీదో, వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగార్మ్ మీదో స్టిక్కర్ ఉంటుంది. బంకులో అలవాటుగా కొట్టే లెక్కను నమ్మొద్దు. అలాగే గాడుల అడుగున చిన్న గట్లు ఉంటాయి. బటన్ అరిగి వాటి మట్టానికి వచ్చేస్తే ఇక ఆలోచించేదేం లేదు, టైరు మార్చేయండి.

ఈ రెండూ బాగున్నా జారుతోందంటే అసలు దొంగ ముందు టైరు వయసు.

వెనక టైరు ఇంజిన్ లాగుడుకి అరిగిపోతుంది కాబట్టి ఎలాగూ మారుస్తాం. ముందుది అంత త్వరగా అరగదు, అందుకే దాన్నెవరూ పట్టించుకోరు. 2019లో కొన్న బండికి వెనక రెండో టైరు నడుస్తుంటే, ముందు ఇంకా షోరూంలో వేసిందే ఉంటుంది. కరోనా టైంలో బెంగళూరు మారతహళ్ళి అపార్ట్‌మెంట్ల బేస్‌మెంట్లలో బళ్ళు వదిలేసి ఊళ్ళకు వెళ్ళిపోయినవాళ్ళకైతే మరీ మోసం. మీటర్‌లో కిలోమీటర్లు తక్కువే కదా అని ధీమాగా ఉంటారు. కానీ తిరగకపోయినా గాలికి, వేడికి రబ్బరు గట్టిపడుతూనే ఉంటుంది. పొడి రోడ్డు మీద ఆ సంగతి బయటపడదు. ఏప్రిల్, మే నెలల్లో మామిడి జల్లులు పడి, రోడ్డు మీది ఆయిల్ పైకి తేలినప్పుడు తెలుస్తుంది. బ్రేక్ వేస్తే బరువంతా ముందుకే వస్తుంది. గట్టిపడ్డ రబ్బరు అప్పుడు రోడ్డుని పట్టుకోలేదు.

తేదీ ఎక్కడుంటుందంటే, టైరు పక్క భాగం మీద డాట్ (DOT) అనే ఇంగ్లీషు అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. చాలా టైర్ల మీద ఇది ఒక పక్కే ఉంటుంది. కనబడిన పక్క చూసి "తేదీ లేదు" అనేస్తారు. బండికి అవతలి వైపు కూర్చుని, ఫోన్ టార్చ్ వేసి, చక్రం నెమ్మదిగా తిప్పుతూ చూడండి. అక్కడే బటన్ల మధ్య, సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) మీద సన్నటి పగుళ్ళున్నాయేమో కూడా చూడండి. సెకండ్‌హ్యాండ్ బండి అయితే ముందు సబ్బు నీళ్ళతో కడగండి. నల్లగా నిగనిగలాడే పాలిష్ కింద పగుళ్ళు దాక్కుంటాయి.

ఐదేళ్ళు దాటితే ఏటా చూపించుకోమని, పైకి బాగున్నా పదేళ్ళకి తీసేయాల్సిందేనని టైరు కంపెనీలే చెబుతాయి. నేనైతే ఎండలో నిలిపే బండికి పదేళ్ళు ఆగను, ఆరేళ్ళకే ముందుది మార్పిస్తా. పగుళ్ళు కనబడితే ఆరేళ్ళు కూడా చూడను. పంక్చర్ షాపులో "బటన్ ఉంది కదా సార్, ఇంకో రెండేళ్ళు వస్తుంది" అంటారు. వినకండి.

బెంగళూరు జేసీ రోడ్డులో కొన్నా, ఇంటి పక్క షాపులో కొన్నా, కొత్త టైరు తేదీ కూడా రిమ్‌కి ఎక్కించకముందే చూసుకోండి. గోడౌన్‌లో రెండు మూడేళ్ళు ఉన్న టైరుకి పూర్తి రేటు ఇవ్వక్కర్లేదు, ఇంకోటి తీయమనండి. సైడ్‌వాల్ మీది బాణం చక్రం తిరిగే వైపే ఉండాలి. ట్యూబ్‌లెస్ అయితే వాల్వ్ కూడా కొత్తదే వేయించండి, పెద్ద ఖర్చు కాదు. కొత్త టైరు కూడా మొదట్లో నున్నగా జారుతుంది. ఓ 150 కిలోమీటర్లు గట్టి బ్రేకులు, పక్కకి బాగా వాల్చడాలు వద్దు.

పొడి రోడ్డు మీద కూడా హ్యాండిల్ వణుకుతుంటే రిమ్ వంగి ఉండొచ్చు, చక్రం బేరింగో, హ్యాండిల్ తిరిగే చోట ఉండే కోన్ సెట్టో పోయి ఉండొచ్చు. అవి అరుదు, మెకానిక్ చక్రం ఊపి చూసి చెప్పేస్తాడు.